ఇలెమోర్ అనే ఊరు

నరసరావుపేట బరంపేటలో భవ్యను ఎరిగినవాళ్ళందరికీ ఆ పిల్లకున్న ఒక వింత అలవాటు తెలుసు. ఎవరేమడిగినా "సరే" అనదు. కాఫీ తాగుతావా అంటే "తాగుతా" అంటుంది. రేపు గుంటూరు వెళదామా అంటే "వెళదాం" అంటుంది. ఏమీ తోచకపోతే తలూపుతుంది. ఆ రెండక్షరాలు మాత్రం ఆమె నోటినుంచి రాగా విన్నవాళ్ళు లేరు. ఇప్పుడామెకు ఇరవై ఒక్కేళ్ళు, కోర్టు వీధిలో రక్తపరీక్షల ల్యాబులో పని. వచ్చినవాళ్ళ పేరు మూడుసార్లు పలికించుకుంటే గాని రాసుకోదు. మేనేజరు ఒకటికి రెండుసార్లు కసురుకున్నాడు కూడా, సరే అంటే నీ సొమ్మేం పోతుందని. బంధువులైతే పొగరంటారు. పొగరూ కాదు, పాడూ కాదు. ఏం జరిగిందో తెలియనివాళ్ళ నోటికి అడ్డేముంది!

ఆరేళ్ళ కిందటి సంగతి. భవ్య పదో తరగతి. తండ్రి కోటేశ్వరరావుకు పల్నాడు రోడ్డులో బోరు మోటార్ల కొట్టు ఉంది. తాను పదో తరగతి ఇంగ్లీషులోనే తప్పాడు కాబట్టి కూతురు ఇంగ్లీషు దాటి ఎక్కడికో వెళ్ళిపోవాలని ఆయన కోరిక. అలాంటి తండ్రుల కోసమే అన్నట్టు ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎనిమిదిలో స్పానిష్, తొమ్మిదీ పదిలో ఫ్రెంచి, పల్నాటిలో మొట్టమొదటిసారి అని. కోటేశ్వరరావు బండి ఆపి దాన్ని రెండుసార్లు చదివాడు. మర్నాడే కూతుర్ని ఎనిమిదో తరగతిలో చేర్పించాడు.

ఆ రెండు భాషలూ చెప్పింది ఒక్కరే, సుధాకర్ సారు. పాపం, మనిషి మంచివాడు. అసలాయన హిందీ మాస్టరు. యాజమాన్యం సెలవుల ముందు పిలిచి, హిందీ వచ్చినవాడికి ఇంకో రెండు రావడం ఎంతసేపని చెప్పి, చేతిలో రెండు గైడ్లు పెట్టి పంపింది. రావని అంటే ఉద్యోగం పోతుందని ఆయన నోరు మెదపలేదు. వేసవంతా మేడ మీద కూర్చుని స్పానిష్ గైడు తిరగేశాడు. కాసా అంటే ఇల్లు, మానో అంటే చెయ్యి, లిబ్రో అంటే పుస్తకం. ఎలా రాసి ఉందో అలాగే పలికితే దాదాపు సరిపోతోంది. ఇంకేముంది, ఇది మన తెలుగే కదా అనిపించి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మరుసటి ఏడు ఫ్రెంచి పుస్తకం చేతికొస్తే దాన్నీ అదే దారి పట్టించాడు.

"రాసిన ప్రతి అక్షరం పలకాలి" అని ఫ్రెంచి మొదటి క్లాసులోనే బల్ల గుద్ది చెప్పాడు. "పలకని అక్షరాన్ని పనిగట్టుకుని రాసేటంత పిచ్చోళ్ళు లోకంలో ఎవరూ ఉండరు."

పిల్లలు నమ్మారు. ఎందుకు నమ్మరు? అఆలు దిద్దిన ప్రతివాళ్ళకీ అది న్యాయంగానే తోస్తుంది. సారు ఫ్రెంచి మాటలన్నీ బోర్డు మీద తెలుగు అక్షరాల్లో రాసేవాడు, పిల్లలు నోట్సులో ఎక్కించుకుని బట్టీ పట్టేవాళ్ళు. తొమ్మిదో తరగతిలో ఒక రాజు కథ పాఠం. రాజు యుద్ధానికి వెళతాడు, జబ్బు పడతాడు, చివరి వాక్యంలో చచ్చిపోతాడు. ఆ వాక్యం "ఇల్ ఎస్ట్ మోర్ట్". అతను చనిపోయాడు అని అర్థం. క్లాసు క్లాసంతా ఆ వాక్యాన్ని పాటలా పాడేది. ఎస్ట్ దగ్గర ఒక దెబ్బ, మోర్ట్ దగ్గర ఒక దెబ్బ బెంచీల మీద పడేవి. అందరికంటే గట్టిగా కొట్టింది భవ్యే. ఆ ఏడు ఆమెకు ఫ్రెంచిలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. కోటేశ్వరరావు కొట్టుకొచ్చిన ప్రతి రైతుకూ, మోటారు మాట తర్వాత, కూతురికి ఐదు భాషలొచ్చని వేళ్ళు మడిచి చూపించేవాడు.

వాళ్ళింటి వెనక వాటాలో సాజిదా అద్దెకుండేది. ఆమె మొగుడు మస్తాన్‌వలీ బోరు లారీ మీద పనివాడు. నకరికల్లు, అచ్చంపేట వైపు అతను వెయ్యని బోరు లేదు. కోటేశ్వరరావుకు తెలిసిన గుంటూరు ఏజెంటు ఒకడు ఆఫ్రికాలో బోర్లు వేసే కంపెనీకి మనుషుల్ని పంపుతుంటాడు. కోటేశ్వరరావే మస్తాన్‌ను తీసుకెళ్ళి అతనికి అప్పజెప్పాడు. అక్కడ ఫ్రెంచి మాట్లాడతారంట, మా భవ్యను అడిగి నాలుగు ముక్కలు నేర్చుకో అని నవ్వుతూ చెప్పాడు కూడా. మస్తాన్ నిజంగానే వచ్చి భవ్య ముందు కూర్చుని ఒక కాగితం మీద పది మాటలు రాయించుకుని, మడిచి పర్సులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ దేశం పేరు అతని తల్లి బీబీకి చివరిదాకా నోరు తిరగలేదు.

వెళ్ళి పది నెలలైంది. ఆ శ్రావణంలో మస్తాన్ జ్వరమని ఫోన్ చేశాడు. వారం తర్వాత గొంతు బాగా నీరసంగా ఉందని సాజిదా భయపడింది. వచ్చెయ్యమని ఏడ్చింది. చూస్తాలే అన్నాడు. ఆ తర్వాత ఆరు రోజులు ఫోన్ లేదు. ఏజెంటును అడిగితే అడవిలో సిగ్నల్ ఉండదమ్మా, మీరు ఊరికే కంగారు పడతారు అన్నాడు.

బుధవారం సాయంత్రం ఆరింటికి సాజిదా ఫోన్ మోగింది. బారెడు నంబరు. ఎత్తింది, అవతల మాట్లాడేది ఒక్క ముక్క అర్థం కాలేదు. అయితే అందులో మస్తాన్ పేరు వినపడింది. చెప్పులు కూడా లేకుండా ముందు వాటాలోకి పరిగెత్తుకొచ్చి ఫోన్ భవ్య చేతిలో పెట్టింది. వెనకే బీబీ. వరండాలో కుర్చీలో కోటేశ్వరరావు. ఆయన ముఖం ఆ క్షణంలో ఎలా వెలిగిందో భవ్య ఇప్పటికీ మరిచిపోలేదు. ఇన్నాళ్ళ ఫీజులకు ఫలితం కళ్ళముందు కనబడుతోంది మరి.

ఒక మగగొంతు. తొందరేం లేదు, అలసటగా ఉంది. "మదామ్ సాజిదా?" అని అడిగాడు. భవ్య "ఊయి" అంది. అంటే అవును. సారు నేర్పినదాంట్లో సరిగ్గా పలికింది ఆ ఒక్క మాటే, ఖర్మ. అవతలి మనిషి మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆ పిల్ల నిజంగా ఫ్రెంచి మాట్లాడే నోటినుంచి ఒక్క మాట విని ఎరగదు. మాటలు నీళ్ళలా పోతున్నాయి, ఎక్కడా పట్టు దొరకడం లేదు. ఎస్ట్ లేదు, సారు నేర్పిన గ్రాండ్ లేదు, బెంచీ మీద కొట్టడానికి ఒక్క టకారం కూడా వినపడదే!

నాకు అర్థం కాలేదు అని చెప్పడానికి ఫ్రెంచిలో ఒక వాక్యం ఉంది. రెండు మార్కుల ప్రశ్న. ఆమెకు కంఠతా వచ్చు, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తండ్రి వైపు చూసింది. చెప్పలేదు.

చెవులు రిక్కించి దొరికినవి ఏరుకుంది. మస్తాన్ పేరు రెండుసార్లు వచ్చింది. "ఇలెమోర్" అని మూడుసార్లు అన్నాడు, ప్రతిసారీ కాస్త ఆగి. "వాంద్రెది" అన్నాడు, అది శుక్రవారం. "ఆంతెరే" అన్నాడు, అది ఎంటరే అయ్యుంటుంది. "ఇసి" అన్నాడు. ఇసి అంటే ఇక్కడ, అది మాత్రం గట్టిగా తెలుసు. చివర్లో అతని గొంతు పైకి లేచింది. ఏదో అడుగుతున్నాడు, జవాబు కోసం ఆగాడు. భవ్య "ఊయి" అంది. అతను మళ్ళీ అడిగాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. "ఊయి, ఊయి. మెర్సీ" అంది. ఫోన్ పెట్టేశాడు.

ముగ్గురూ ఆమె నోటివైపే చూస్తున్నారు. భవ్య ఏరుకున్న ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. మస్తాన్ అన్న ఇలెమోర్ అనే ఊళ్ళో ఉన్నాడంట, శుక్రవారం ఇక్కడ ఎంటర్ అవుతాడంట అని చెప్పింది.

"ఇక్కడంటే? ఇంటికా?" అంది సాజిదా.

"ఇక్కడే అన్నాడక్కా."

సాజిదా అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. సంతోషమది, జ్వరంతో ఉన్న మనిషిని పంపించేస్తున్నారన్న సంతోషం. తిరిగి ఆ నంబరుకు చేస్తే కలవలేదు. కలవకపోతే ఏం, వచ్చే మనిషి వస్తున్నాడుగా. బీబీ ఆ సాయంత్రమే వీధిలో ఇంటింటికీ వెళ్ళింది.

"మావోడు ఇలెమోర్‌లో ఉన్నాడంట" అని ప్రతి గడపలోనూ చెప్పింది. "శుక్రవారం వస్తన్నాడు."

ఎంత వద్దనుకున్నా ఆ మాట ఇప్పటికీ భవ్య చెవుల్లో మోగుతుంది. ఒక తల్లి వీధి వీధంతా తిరిగి, తానేమంటోందో తెలియకుండా, నవ్వుతూ అన్న మాట.

గురువారం పొద్దున సాజిదా ఇల్లు కడిగింది. మస్తాన్ చొక్కాలు నాలుగు ఉతికి ఆరేసింది. సాయంత్రం భవ్య స్కూలునుంచి వచ్చేసరికి బీబీ వరండాలో కాచుకుని ఉంది. ఆ ఇలెమోర్ ఎక్కడుందో ఫోన్‌లో చూపించు తల్లీ, అక్కణ్ణించి మనకెంత దూరమో చూస్తా అంది. భవ్య తండ్రి ఫోన్ తీసుకుని మ్యాపులో కొట్టింది. లేదు. ఒక అక్షరం మార్చి కొట్టింది, రెండక్షరాలు మార్చి కొట్టింది. ఆ దేశంలోనే కాదు, ఈ భూమ్మీదే ఆ పేరుతో ఊరు లేదు. చిన్న ఊరేమో మామ్మా అని చెప్పి బీబీని పంపించింది.

ఫ్రెంచి పుస్తకంలో వెనక ఆ దేశాల పటం ఉంది, అందులో ఉంటుందేమోనని పుస్తకం తెరిచింది. ప్రతి పాఠం పక్కనా చిన్న నల్లచుక్కల గడి ఒకటి ఉంది. ఫోన్ దాని మీద పెడితే పాఠం వినపడుతుందని కింద రాసి ఉంది. ఇన్నాళ్ళలో దాన్ని ఎవరూ వినలేదు, పరీక్షకు అక్కర్లేదని సారు చెప్పాడు. భవ్య ఫోన్ పెట్టింది. ఒక ఆడమనిషి చదవడం మొదలుపెట్టింది. భవ్య పుస్తకంలో వేలు పెట్టి వెంట పోబోయింది, పోలేకపోయింది. సగం అక్షరాలు ఆమె పలకడమే లేదు. గ్రాండ్‌ను గ్రాఁ అంటోంది. ఎస్ట్‌ను ఎ అని ఊరుకుంటోంది.

అప్పుడు తొమ్మిదో తరగతి పుస్తకం వెతికింది. ఎందుకు వెతికిందో అడిగితే చెప్పలేదు, చేతులే వెతికాయంటుంది. అట్టపెట్టెలో అడుగున దొరికింది. రాజు కథ తెరిచి ఫోన్ పెట్టింది. రాజు యుద్ధానికి వెళ్ళాడు. జబ్బు పడ్డాడు. ఆ మనిషి కాస్త ఆగి, చివరి వాక్యం చదివింది.

"ఇలె మోర్."

భవ్య మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. తర్వాత ఆంతెరే కోసం నిఘంటువులో పడింది. లోపలికి రావడానికి ఒక మాట ఉంది. దానికి దగ్గరగా, అదే పేజీలో కాస్త పైన, ఇంకో మాట ఉంది. దానర్థం పాతిపెట్టడం, మట్టి చెయ్యడం. శుక్రవారం. ఇక్కడ. ఎవరి ఇక్కడ? ఫోన్ చేసినవాడి ఇక్కడ!

కొట్టునుంచి వచ్చిన తండ్రికి అంతా చెప్పింది. కోటేశ్వరరావు మొదట తెల్లబోయాడు. తర్వాత తలుపు దగ్గరగా వేశాడు. మస్తాన్‌ను పంపింది తనే, ఆ ఆలోచన ఆయన్ను ఎక్కడ పట్టుకుందో ఆయనకే తెలియాలి. ఎన్నడూ కూతురి మీద గొంతెత్తని మనిషి పళ్ళు బిగించి మాట్లాడాడు.

"నీకు ఫ్రెంచి రాదని ఇప్పుడు నువ్వే అంటన్నావ్. రాని భాష పట్టుకుని బతికున్నోణ్ణి చంపుతావా? రేపు అతను దిగితే ఆళ్ళ ముందు నీ ముఖం ఎక్కడ పెట్టుకుంటావ్?"

నిజమే కదా అనిపించింది భవ్యకు. నిన్న తప్పు విన్నదాన్ని, ఇవాళ మాత్రం ఒప్పు విన్నానని ఏం నమ్మకం? తనకు రాదు. రాకపోతేనే మస్తాన్ అన్న బతికుంటాడు. తొంభై ఎనిమిది మార్కుల పిల్ల ఆ పూట తనకు ఫ్రెంచి ఒక్క ముక్క రాకూడదని కోరుకుంది. ఆ మాట పట్టుకుని ముసుగు తన్ని పడుకుంది. పిరికితనమే, ఆమె కాదనదు. గురువారం సాయంత్రం వెనక వాటాకు ఇరవై అడుగులు నడిచి ఉంటే ఇంకా ఒక రోజు చేతిలో ఉండేది.

శుక్రవారం స్కూల్లో సుధాకర్ సారుకు రాజు పాఠం వినిపించింది. ఆయన ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని నిలబడ్డవాడు కూర్చున్నాడు. పుస్తకంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ విన్నాడు. ఆమె ఎందుకు వినిపిస్తోందో అడగలేదు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పమాకమ్మా" అన్నాడు చివరికి. "నాకిద్దరు పిల్లలు."

ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఐదున్నరకు ఇంటికొచ్చింది. వెనక వాటాలోంచి మసాలా వాసన వస్తోంది. మస్తాన్‌కు ఇష్టమని బీబీ పొద్దుటినుంచి పొయ్యి దగ్గరే ఉందట. సాజిదా ఆకుపచ్చ చీర కట్టుకుని, అరచేతికి గోరింటాకు పెట్టుకుని, గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తోంది. గుంటూరుదాకా ఎదురెళ్ళి తీసుకొస్తే బాగుంటుందేమో, మీ నాయన్ను కారు అడుగుతావా అంది. ఇరవై అడుగులు దాటడానికి చాలని ధైర్యం ఆ గోరింటాకు చూశాక వచ్చింది, ఏం లాభం.

"ఇలెమోర్ ఊరు కాదక్కా."

"మరేంది?"

భవ్య పుస్తకం తెరిచి రాజు బొమ్మ చూపించింది, కింద సారు రాయించిన తెలుగు అర్థం మీద వేలు పెట్టింది. సాజిదా చదువుకుంది, ఏడో తరగతి దాకా. చదివింది. ఆమె అరవలేదు. పుస్తకం మూసి భవ్య చేతికిచ్చి, లోపలికి వెళ్ళి ఏజెంటుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. పదిసార్లు చేసింది. బీబీ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఏమైందే అని అడుగుతోంది. పొయ్యి మీది గిన్నె అడుగంటింది.

ఏడున్నరకు కోటేశ్వరరావు కొట్టు మూసి వచ్చాడు. సాజిదా ఆయనకు ఎదురెళ్ళి, అన్నా నీ ఫోన్‌లోంచి చెయ్యి, నీదైతే ఎత్తుతాడు అంది. కాదనే ముఖం ఆయనకు లేదు. స్పీకరు పెట్టించింది. ఏజెంటు రెండో రింగుకే ఎత్తాడు.

కోటేశ్వరరావు సంగతడిగితే ఏజెంటు గొంతు తగ్గించాడు. మంగళవారమే పోయాడన్నా, జ్వరం తలకెక్కింది, నేనే వచ్చి పలకరిద్దామనుకుంటున్నా అన్నాడు. బీబీ గుమ్మాన్ని పట్టుకుంది. సాజిదా ఫోన్ దగ్గరికి వంగి, మనిషిని ఎప్పుడు పంపిస్తారు, ముఖం చూసుకోవాలి అంది. ఆ గొంతులో ఒణుకు లేదు, అదే భయంగా ఉంది.

"అదేందమ్మా, ఇప్పుడట్టా అడుగుతున్నావు?" అన్నాడు ఏజెంటు. "అక్కడిప్పుడు మధ్యాహ్నమే, జుమా నమాజు కాగానే మట్టి చేసేశారు. గంట కూడా కాలేదు. అక్కడే మట్టి చేసెయ్యమంటారా అని ఆస్పత్రి ఆయన బుధవారం నీకే ఫోన్ చేసి అడిగాడంట గదా. మీ ఇంటోళ్ళు ఒప్పుకున్నారని కాయితం మీద కూడా రాసుకున్నారు."

కోటేశ్వరరావు ఫోన్ కట్ చేశాడు. బీబీ ఎవరొప్పుకున్నారు, ఎవరొప్పుకున్నారే అని గోడను అడిగినట్టు అడుగుతోంది. సాజిదా మెల్లిగా భవ్య వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం కూడా లేదు. ఏదో వెతుక్కుంటున్నట్టుంది.

"ఆ ఫోన్ చేసినాయన చివర్లో ఏదో అడిగాడు" అంది. "నేను పక్కనే ఉన్నా. రెండుసార్లు అడిగాడు. నువ్వేమన్నావు?"

"ఊయి అన్నానక్కా."

"అంటే?"

భవ్య తండ్రి వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు.

"సరే అని."